మానుకోట బ్యాండులో చక్రి పాట

సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైన్లో వస్తుంటే జనగామకి కాస్త ముందు పెంబర్తి తగులుతుంది. ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బలతో దేవుణ్ణే దింపేసే పనివాళ్ళ ఊరు. అక్కణ్ణుంచి జనగామ, కాజీపేట, వరంగల్, కేసముద్రం... సీజనైతే దారి పొడుగునా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. ఆ తర్వాత మహబూబాబాద్. పాతవాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. మనమూ అలాగే అందాం, నోటికి బాగుంది.

ఇంతకీ మానుకోటలో మనకేం పని? ఉంది. ఈ మండలంలోని కంబాలపల్లిలోనే 1974 జూన్ 15న గిల్లా చక్రధర్ పుట్టాడు. అంటే మన చక్రి! ‘బాచి’ (2000)తో వచ్చి, ‘ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం’, ‘ఇడియట్’, ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ అంటూ పూరీ జగన్నాథ్‌తో కలిసి కుర్రకారుని సీట్లలో కూర్చోనివ్వలేదు. ‘సింహా’ (2010)కి నంది అందుకున్నాడు. 2014 డిసెంబరు 15న, నలభయ్యేళ్ళకే వెళ్ళిపోయాడు.

చక్రి పాటని థియేటర్లో విన్నవాళ్ళు కోకొల్లలు. కానీ అసలు వినాల్సింది ఇక్కడి పెళ్ళి ఊరేగింపులో అంటాను నేను. ముందు క్లారినెట్, వెనకాల ట్రంపెట్లు, సైడ్ డ్రమ్ము, మెడలో పెద్ద డోలు. చేతిలో కాగితం ఉండదు. పాట నాలుగుసార్లు విని, పల్లవి క్లారినెట్‌కీ, మధ్యలో వచ్చే బిట్టు ట్రంపెట్‌కీ పంచేసుకుంటారు. రికార్డులో లేని మెలిక ఒకటి ఎవడో పెడతాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. అమెరికాలో దీనికి చుట్టం జాజ్. మనం బ్యాండు మేళం అంటాం. అక్కడ చప్పట్లు, ఇక్కడ బేరాలు!

నిజానికి వాళ్ళ జాజ్ కూడా వీధుల్లో, ఊరేగింపుల్లో పెరిగిందే. తర్వాత కాలేజీ మెట్లెక్కింది. టెక్సాస్‌లోని డెంటన్ ఊళ్ళో, ఇప్పుడు నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం అంటున్న చోట, 1947లోనే జాజ్‌కి డిగ్రీ పెట్టారు. మధ్యాహ్నం ఒంటిగంటకి రిహార్సల్ చేసే బృందానికి ‘వన్ ఓ క్లాక్’ అనే పేరు స్థిరపడిపోయింది. మహా స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ పోయింది 1974 మే 24న. సరిగ్గా ఇరవై రెండు రోజులకి కంబాలపల్లిలో చక్రి పుట్టాడు, చూశారా! ఎలింగ్టన్ స్వరాల కాగితాలు 1988లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కి చేరాయి. అందుకే ఇవాళ ఏ యూనివర్సిటీ పిల్లలైనా ఆయన పేరిట కచేరీ పెడితే, ఏ వాయిద్యం ఏం పలకాలో చూసుకుని వాయించగలరు.

మరి మన సినిమా పాటో? చక్రి నాటికి కీబోర్డులు, కంప్యూటర్ ట్రాకులు వచ్చేశాయి. పాట మిగిలింది. దాన్ని పదిమంది కూర్చుని వాయించే దారి మాత్రం మేళగాళ్ళ చెవుల్లో ఉంది.

ఆ చెవులకీ గిరాకీ తగ్గుతోంది. భూపాలపల్లికి రైలు లేదు, వరంగల్ నుంచి పరకాల మీదుగా బస్సే. సింగరేణి బొగ్గు ఊరు. అక్కడైనా, జనగామలోనైనా ఇప్పుడు పెళ్ళికొడుకు ముందు నడిచేది ట్రాలీ మీద డీజే పెట్టెలే. గుండెలదిరిపోతాయి గానీ, కొత్త మెలిక ఒక్కటీ రాదు.

1976లో పెట్టిన కాకతీయ విశ్వవిద్యాలయం వరంగల్‌లో, ఈ మూడు ఊళ్ళకీ అందుబాటులోనే ఉంది. ఏదో ఒక జూన్ 15న అక్కడ చక్రి కచేరీ పెడితే? స్వరాలు తెలిసిన కుర్రాళ్ళు మేళగాళ్ళ పక్కన కూర్చుని ఒక్కో బిట్టూ రాసుకోవచ్చు. ఆ రోజు క్లారినెట్ పెద్దాయనకి ముందు వరసలో కుర్చీ వేస్తామంటే మాత్రం నేనొప్పుకోను. ఆయన కుర్చీ స్టేజీ మీద ఉండాలి.