పండ్లు చూసి కొనాలె

మా ఊరు మంఖాల్. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరే. 2008లో అక్కడ విమానాలు దిగడం మొదలైనప్పటినుంచీ మా చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లకు కంచెలు పడ్డాయి. పక్కనున్న రావిర్యాలలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకని స్థలాలిచ్చారు. ఇంత జరిగినా మా నాయిన మాత్రం తన ఎకరం పొలాన్నీ, రెండు బర్రెలనూ వదల్లేదు. నెత్తిమీదనుంచి విమానం పోతున్నా తలెత్తి చూడడు. "అది మనల్ని చూస్తున్నదా, మనం దాన్ని చూస్తానికి?" అంటాడు.

లాప్‌టాప్ గురించి రాస్తానని సంపాదకునికి మాటిచ్చి బర్రెలతో మొదలుపెట్టాడేమిటా అనుకుంటున్నారు కాబోలు. సంబంధం ఉంది మిత్రులారా, కాస్త ఓపిక పట్టండి.

నేను కాలేజీలో చేరిన ఏడాది నాయిన ఒక బర్రెను అమ్మి నలభై వేలు నా చేతిలో పెట్టాడు. నేను దుకాణానికి వెళ్ళి ఏం చూశాను? రంగు చూశాను. బరువు చూశాను. చీకట్లో వెలిగే కీబోర్డు చూసి మురిసిపోయాను. "లినక్స్ నడుస్తుందా అన్నా?" అని ఒక్క మాట అడిగాను. "అన్నీ నడుస్తయ్ తమ్మీ" అన్నాడాయన. ఆ మాటే నాకు గ్యారంటీ కార్డయింది.

ఆ రాత్రే హాస్టల్ గదిలో విండోస్ తుడిచేసి లినక్స్ ఎక్కించాను. తెర వెలిగింది, అక్షరాలు వచ్చాయి. వైఫై మాత్రం రాలేదు. స్పీకరు నోరు విప్పలేదు. మూత వేస్తే నిద్రపోయేది, తెరిస్తే లేచేది కాదు. నెలల తరబడి ఫోనుకు వైరు తగిలించి ఇంటర్నెట్ వాడుకున్నాను. సెమినార్ రోజున ఏం జరిగిందో మా క్లాసువాళ్ళకు చెప్పనక్కరలేదు. మూత తెరిచాను, నల్లటి తెర. సేవ్ చేయని పదహారు పేజీలు ఆ నలుపులోనే కలిసిపోయాయి. దుకాణానికి పోతే "సాఫ్ట్‌వేర్ నువ్వు మార్చుకున్నవ్, మాకేం సంబంధం?" అన్నారు. న్యాయంగా చూస్తే తప్పు నాదే.

అన్నిటికన్నా బాధ పెట్టింది వేరే ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా నాయిన అడిగేవాడు, "మంచిగ నడుస్తుందా బిడ్డా?" అని. "ఆఁ, మంచిగనే నడుస్తుంది" అనేవాణ్ణి. కొట్టంలో ఒక గుంజ ఖాళీగా ఉండేది. అటువైపు చూడకుండా అన్నం తినేవాణ్ణి.

తరువాత కూర్చుని ఎందుకిలా జరిగిందని తెలుసుకున్నాను. లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి 1991లో మొదలుపెట్టినది లినక్స్ కెర్నెల్. కెర్నెల్‌కు ప్రతి చిప్‌తోనూ మాట్లాడించే డ్రైవర్ కావాలి. కొన్ని కంపెనీలు తామే డ్రైవర్లు రాసిస్తాయి. కొన్ని తమ చిప్ గుట్టు చెప్పవు, అప్పుడు ఔత్సాహికులు తంటాలుపడి రాయాలి. కొన్ని చిప్‌లకు డ్రైవర్ ఉన్నా, లోపల ఎక్కించే ఫర్మ్‌వేర్ విడిగా కావాలి. డెబియన్ వాళ్ళు 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అటువంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు. ఇంకొక సంగతి: మార్కెట్లోకి నిన్న వచ్చిన మోడల్‌కు నిరుటి కెర్నెల్‌లో డ్రైవర్ ఉండకపోవచ్చు. కొత్తది కావాలన్న మోజే మన కొంప ముంచుతుంది.

ఈ ఏడు చెల్లెకు డిగ్రీలో సీటొచ్చింది. పాల డబ్బులు కూడబెట్టిన నాయిన, "ఈపాలి నేను గూడ వస్త" అన్నాడు.

నేను ముందే ఉబుంటు వాళ్ళు పరీక్షించి ప్రకటించిన లాప్‌టాప్‌ల జాబితా చూసుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసుకున్నాను. దానితో హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే యంత్రాన్ని నడిపి చూడొచ్చు.

దుకాణంలో కుర్రవాడు మొదట ఒప్పుకోలేదు. "అట్ల పెట్టనియ్యం" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. నాయిన ముందుకొచ్చి అన్నాడు: "ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తం, సుడులు చూస్తం. కాడి కట్టి నాలుగు సాళ్ళు నడిపిస్తం. గప్పుడు పైసలిస్తం. గిది ఎద్దు కన్న పిరమాయె, నడిపి చూడకుంట ఎట్ల కొంటం?" లోపలున్న యజమాని నవ్వి, "పెట్టుకోనియ్‌రా" అన్నాడు.

మొదటి దానిలో వైఫై వచ్చింది, స్పీకరు పలకలేదు. పక్కన పెట్టాం. రెండోది ఏడాది కిందటి మోడల్. వైఫై, బ్లూటూత్, కెమెరా, మైకు, టచ్‌ప్యాడ్, వెలుతురు తగ్గించే మీటలు ఒక్కొక్కటే చూశాను. మూత మూసి అయిదు నిమిషాలాగి తెరిచాను. లేచింది! వేలిముద్ర యంత్రం మాత్రం పనిచేయలేదు. చెల్లెకు దానితో పని లేదు.

ఒకే మోడల్ పేరుతో వేర్వేరు వైఫై చిప్‌లు పెట్టి అమ్మడం కూడా ఉంది. అందుకని చిప్‌ల నంబర్లు రాసుకున్నాను. ప్రతి చిప్‌కూ రెండు నంబర్లుంటాయి, ఒకటి కంపెనీది, ఒకటి సరుకుది. ఇంటెల్ కంపెనీ నంబరు 8086, అది 1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ పేరే. డబ్బు కట్టే ముందు సీలు పెట్టె వాళ్ళచేతనే విప్పించి, నంబర్లు పోల్చి, అవే అని తేలాక సరేనన్నాను.

తిరుగు బస్సులో నాయిన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తుక్కుగూడ దగ్గరపడుతుండగా అడిగాడు:

"మరి అప్పుడు నీదానికి గిట్ల చూసినవా?"

"లేదు నాయినా" అన్నాను. నోరు విప్పాక ఆగలేదు. వైఫై, సెమినార్, నేను చెప్పిన అబద్ధాలు, అన్నీ చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు.

"నేను గూడ మొదటి ఎద్దును కొమ్ములు చూసే కొన్న. మీ తాతకు చెప్పలె. రెండేండ్లు కుంటింది" అన్నాడు.

చెల్లె లాప్‌టాప్ చక్కగా నడుస్తోంది. నాదీ చవకైన వైఫై ముక్కొకటి తగిలించుకుని ఇప్పటికీ కుంటుతూ నడుస్తోంది. ఆ పెన్‌డ్రైవ్ నా హాస్టల్ గదిలోనే ఉంది. ఈ సంవత్సరం లాప్‌టాప్ కొనబోయే జూనియర్లు మొహమాటపడకుండా అడిగి తీసుకువెళ్ళవచ్చు. తిరిగి ఇవ్వడం మాత్రం మరువకండి, మీ వెనక ఇంకొకరుంటారు.