నయమయ్యేదాకా ఆగకండి

"జెర నయమైనంక తీస్కపోతం సారు."

సిద్దిపేటలో ప్రాక్టీసు మొదలుపెట్టిన నాటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. పాపకు సెరిబ్రల్ పాల్సీ, బాబుకు కండరాల క్షీణత, ఇంటి పెద్దాయనకు పక్షవాతం. మందులు సరిగ్గా వేస్తున్నారా, వ్యాయామాలు చేయిస్తున్నారా అని అడిగాక ఇంకొకటి కూడా అడుగుతాను. ఈ మధ్య బయటికి ఎక్కడికైనా తీసుకెళ్లారా? కొమురవెల్లి జాతరకో, కోమటి చెరువు కట్టకో, హైదరాబాద్‌లో ఏదైనా పార్కుకో? జవాబు మాత్రం మారదు. నయమైనంక. నడిచినంక. జెర మాట వచ్చినంక. మందు మానేసి వచ్చినవాళ్ల మీద కోప్పడతాను. పసరు కట్టించుకుని పుండుతో వచ్చినవాళ్ల మీదా కోప్పడతాను. కాని ఈ మాట విన్నప్పుడు వచ్చే కోపం వాటన్నిటికంటే ఎక్కువ. ఎందుకంటే ఈ జబ్బుల్లో చాలావాటికి వాళ్లు ఎదురుచూస్తున్న ఆ రోజు లేదు. ఆ సంగతి నేను చెప్పే ఉంటాను. వాళ్లు తలూపే ఉంటారు.

ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు కొంత మార్చి చెబుతున్నాను.

చంద్లాపూర్ నుంచి ఒక పాప వస్తుంది. తొమ్మిదేళ్లు. కాన్పు కష్టమైంది, పుట్టగానే ఏడవలేదు, మెదడుకు ఆక్సిజన్ అందలేదు. కాళ్లు బిర్రబిగుసుకుపోతాయి. మాట నిదానం. కాని అన్నది అన్నట్టు అర్థం చేసుకుంటుంది. నా గదిలో గోడకున్న క్యాలెండర్‌లో బతుకమ్మ ఎప్పుడో, దసరా ఎప్పుడో వేలు పెట్టి చూపిస్తుంది. వాళ్ల ఊళ్లోనే రంగనాయక సాగర్ ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగంగా కట్టిన మూడు టీఎంసీల జలాశయం. 2020 ఏప్రిల్ 24న అందులోకి నీళ్లు వదిలారు. నడుమ గుట్ట, చుట్టూ నీళ్లు. ఆదివారం వచ్చిందంటే ఎక్కడెక్కడి నుంచో జనం పిల్లలను వెంటేసుకుని వస్తారు. ఈ పాప మాత్రం చూడలేదు. "మీ ఊరి నీళ్లు చూసినవా బిడ్డా?" అంటే తల అడ్డంగా ఊపింది.

"ఎట్ల తీస్కపోను సారు, పదిమంది చూస్తరు. నాలుగడుగులు వేసిన్నాడు తీస్కపోత" అంది తల్లి. పక్కనున్న నాయనమ్మ కళ్లొత్తుకుంది. "దీన్ని జూసి అయ్యో పాపం అంటుంటే నా పానం పోతది సారు."

ఆ ముసలమ్మ మాటకు నా దగ్గర కోపం లేదు. ఆ మాటలు పడ్డది ఆమె, నేను కాదు. కాని తల్లికి చెప్పాల్సింది చెప్పాను. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు దెబ్బ ఒక్కసారే తగులుతుంది. అది పెరగదు, అలాగని పూర్తిగా పోదు. కండరాలు పొట్టిబడిపోకుండా వ్యాయామం, కాళ్లకు పట్టీలు, బిగువు తగ్గే మందు, అవసరమైతే ఆపరేషన్. మేం చేసేది ఇంతే. వీటితో కొందరు పిల్లలు నడుస్తారు, కొందరు నడవరు. నడవని పిల్లకు కూడా తొమ్మిదో ఏడు ఒక్కసారే వస్తుంది. నీళ్లు చూడాలన్న ఆశ ఆ వయసులో ఉన్నట్టు ఇరవై ఏళ్లకు ఉండదు. మందులు కాళ్ల కోసం. పిల్ల బుద్ధి ఎదగాలంటే మనుషులు కావాలి, చెట్లు కావాలి, కొత్త చోట్లు కావాలి. నాలుగు గోడల మధ్య పెట్టి, మాటలు రావడం లేదని నన్నడిగితే ఏం చెప్పను?

ఆ ఇంట్లో వైకల్య ధ్రువపత్రం లేదా అంటే ఉంది. మీసేవలో స్లాటు దొరకబుచ్చుకుని, పనులు మానుకుని, వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపుకు పిల్లను ఎత్తుకొచ్చి తెచ్చుకున్నారు. ఎనభై శాతం. పింఛను పడుతుంది. 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలైన పింఛను. కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు కూడా వచ్చింది. నలభై శాతం నుంచి ఎనభై లోపు ఉంటే పసుపు గీత, ఎనభై, ఆ పైన ఉంటే నీలం గీత. ఈ పాపది నీలం గీత. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టారు. పింఛను కోసం తీస్తారు, మళ్లీ లోపల పెడతారు. దాన్ని పట్టుకుని ఏ పార్కు గేటు దగ్గరకైనా వెళ్లి, మా పిల్లకు ఏం ఏర్పాటు ఉంది అని అడగవచ్చన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చెప్పినవాళ్లూ లేరు.

కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. బడి, ఉద్యోగం, ఆసుపత్రి గురించి చెప్పి ఊరుకోలేదు ఆ చట్టం. సంస్కృతి, వినోదం, విహారం కూడా వీళ్ల హక్కే అంది. అంతకుముందే, 2007లో, మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్య సమితి ఒప్పందం ఆటపాటల్లో వైకల్యమున్న పిల్లలకు తోటి పిల్లలతో సమానమైన అవకాశం ఉండాలంది. అందుబాటు ప్రమాణాలు వీలుంటే పాటించే సూచనలుగా మిగిలితే కుదరదని, తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు ముందు పరిస్థితిని పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. ఇంత జరిగాక కూడా చంద్లాపూర్ తల్లి తన బిడ్డను దాచుకుంటోంది. ఎవరినో బతిమాలి సాయం అడుగుతున్నట్టు సిగ్గుపడుతోంది.

ఇంకొక పిల్లవాడి సంగతి చెప్పాలి. డ్యూషెన్ కండరాల క్షీణత. మగపిల్లలకే ఎక్కువగా వస్తుంది. కండరాన్ని కాపాడే ఒక ప్రొటీన్ తయారు కాదు. నాలుగైదేళ్లకు మెట్లెక్కడం కష్టమవుతుంది, నేల మీంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుని లేస్తారు. పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామందికి వీల్‌చైర్ కావాలి. ఆ తర్వాత గుండె, ఊపిరి. స్టెరాయిడ్లు ఈ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి, జబ్బును ఆపలేవు. ఈ పిల్లవాడు పడుతూ లేస్తూ నడుస్తున్న రోజుల్లో బడివాళ్లు విహారయాత్రకు హైదరాబాద్ తీసుకెళ్లారు. రామోజీ ఫిల్మ్ సిటీ అయినా, 2016లో రవిర్యాలలో తెరిచిన వండర్‌లా పార్కు అయినా, పేరు వింటేనే మా జిల్లా పిల్లలకు నిద్ర పట్టదు. బడివాళ్లు వీడి పేరు రాసుకోలేదు. నడవలేడు కదా, ఇబ్బంది అన్నారు. తండ్రి సరేనన్నాడు.

"పెద్ద రైడ్ ఎక్కకపోతే ఏమవుతుందయ్యా? బస్సులో దోస్తులతోని పాటలు పాడేటోడు. నీళ్లల్ల కాళ్లు పెట్టుకుని కూసునేటోడు. ఎందుకొప్పుకున్నవు?" అని గట్టిగానే అడిగాను.

"వచ్చే ఏడు జెర మంచిగైనంక నేనే తీస్కపోత సారు."

ఆ జబ్బులో వచ్చే ఏడు ఎప్పుడూ ఈ ఏటికంటే బలహీనంగానే ఉంటుంది. అప్పుడూ అదే చెప్పాను. వీల్‌చైర్ కొనమన్నాను. కొనలేదు. చేతుల మీద ఎత్తుకుని తిప్పగలిగినంత కాలం తిప్పాడు. పిల్లవాడు బరువు పెరిగాడు, తండ్రి నడుము పట్టేసింది, తిరగడం ఆగింది. పదహారేళ్లకు రాత్రిపూట ఊపిరికి యంత్రం వచ్చింది. అప్పుడు వచ్చి అడిగాడు, "ఇప్పుడు ఆ పార్కుకు తీస్కపోవచ్చా సారు?" అంత దూరం, అంత ఎండ, అంతసేపు కూర్చోవడం ఆ పిల్లవాడు తట్టుకోలేడని చెప్పాల్సి వచ్చింది. దగ్గర్లోని చోటికి, సాయంత్రం పూట, కారులో తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు లేడు. తర్వాత ఒకనాడు తండ్రి వచ్చి కూర్చుని అన్న మాట ఇది: "వీల్‌చైర్ కొనుడంటే ఓడిపోయినట్టనిపించింది సారు. అందుకే కొనలే."

ఈ వ్యాసం రాయిస్తున్నది ఆ మాటే. కళ్లజోడు పెట్టుకుంటే కళ్లు ఓడిపోయాయని ఎవరూ అనుకోరు. చక్రాల కుర్చీ దగ్గరకు వచ్చేసరికి ఎందుకలా అనుకుంటారు? పక్షవాతం వచ్చిన పెద్దలదీ ఇదే పట్టు. కొమురవెల్లిలో కొడుకు వీల్‌చైర్ తెస్తే కూర్చోనని మొండికేసి, నడిచి, పడి, తుంటి విరిగి నా దగ్గరకొచ్చినాయన ఉన్నాడు. ఆపరేషన్ అయింది. మనుమల ముందు కుర్చీలో కూర్చోవడం చిన్నతనమనుకున్న మనిషి ఇప్పుడు నెలల తరబడి మంచంలో ఉన్నాడు.

కంటికి కనిపించని వైకల్యం సంగతి ఇంకా కష్టం. సిద్దిపేటలో ఒకావిడ కూతురి దగ్గరికి అమెరికా వెళ్లింది. ఆరేళ్ల మనుమడికి ఆటిజం. ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు అందరూ కలిసి వెళ్లారు. గంటసేపు గుంపులో, ఆ చప్పుడులో నిలబడితే ఆ పిల్లవాడు చెయ్యి కొరుక్కుంటాడు. అక్కడ ఇలాంటివాళ్లకోసం ఒక ఏర్పాటుంది. లైను ఎంతసేపు ఉంటే అంతసేపటి తర్వాత రమ్మని సమయం ఇస్తారు. అందాకా చెట్టు కిందో, ప్రశాంతంగా ఉన్న చోటో కూర్చోవచ్చు. తిరిగొచ్చాక ఆవిడ నన్నడిగింది: "మందిని దాటి ముందుకు పోవుడు తప్పు గదా సారు?" తప్పు లేదమ్మా అన్నాను. అందరితో సమానంగానే ఆగాడు, నిలబడే చోటు మారిందంతే.

ఇలాంటి ఏర్పాటును పాడు చేసేవాళ్లూ ఉంటారు. వైకల్యమున్నవాళ్లను కిరాయికి తెచ్చుకుని లైను దాటుతున్న డబ్బున్నవాళ్ల గురించి 2013లో వార్తలు వచ్చాయి. ఆ ఏడే డిస్నీ పాత పద్ధతి తీసేసి ఈ సమయమిచ్చే పద్ధతి పెట్టింది. 2024లో దాన్ని ముఖ్యంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకు పరిమితం చేసింది. వేరే జబ్బులతో నిజంగా నిలబడలేనివాళ్లు చాలామంది దానికి దూరమయ్యారు. ఎవరో చేసిన మోసానికి శిక్ష పడింది ఎవరికి? నా దగ్గరికీ వస్తారు, "ఓ నలభై శాతం రాయరాదుండ్రి సారు" అంటూ. ఆ శాతం తేల్చేది ప్రభుత్వ వైద్యుల బోర్డు. నా చేతిలో ఉన్నా రాయను. మీరు తీసుకునే ప్రతి దొంగ కాగితం నిజమైన తల్లిని గేటు దగ్గర నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగిస్తుంది.

ఆటిజం ఉన్న ఆ మనుమడే సెలవులకు ఇక్కడికొచ్చాడు. గుడి లైనులో చెవులు మూసుకుని అరుస్తుంటే, ముందుకు పంపమని తల్లి అడిగింది. "పోరడు మంచిగనే ఉన్నడు గదా, మీకెందుకు ముందల?" అన్నారు వెనకనుంచి. పెంపకం బాగాలేదని కూడా అన్నారు. ఆటిజం, తలసీమియా, సికిల్ సెల్, ఇవన్నీ చట్టం గుర్తించిన ఆ 21 రకాల్లో ఉన్నాయి. మొహం చూస్తే కనిపించవు. మీకు కనిపించకపోతే, దయచేసి నోరు మూసుకుని దారి ఇవ్వండి.

చేయాలనుకుంటే ఏం చేయవచ్చో లోకంలో ఉదాహరణలున్నాయి. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన, వైకల్యమున్న తన కూతురు మోర్గాన్‌ను ఒక ఈతకొలనులో తోటి పిల్లలు కలుపుకోలేదని చూసి, 2010లో ఆమె పేరు మీద మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ తెరిచాడు. వీల్‌చైర్‌తో సహా ఎక్కే రంగులరాట్నం ఉంది అక్కడ. వైకల్యమున్నవాళ్లకు టికెట్ లేదు. చెన్నై మెరీనాలో 2022 నవంబర్‌లో వీల్‌చైర్లు సముద్రం దగ్గరిదాకా వెళ్లేలా చెక్కదారి వేశారు. కొద్ది రోజుల్లోనే మాండూస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది. కట్టడంతో పని అయిపోదు, కాపాడుకోవాలి.

మన దగ్గర పార్కులు, చెరువు కట్టలు, జాతరలు నడిపేవాళ్లు కొన్ని పనులు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున ర్యాంపు వేయాలి. అంతకంటే నిటారుగా వేస్తే తోసే తల్లి పడిపోతుంది. కుర్చీ పట్టే తలుపుతో ఒక మరుగుదొడ్డి కావాలి. కార్డు చూపగానే ఏం చేయాలో తెలిసిన మనిషి ఒకరు గేటు దగ్గర ఉండాలి. మూలన తాళం వేసిన ఒక్క కుర్చీని చూపించి మా దగ్గర అన్నీ ఉన్నాయనకండి.

తల్లిదండ్రులకు డాక్టరుగా నాలుగు మాటలు. ఫిట్స్ ఉన్న బిడ్డకు ఆ రోజు మందు తప్పకూడదు, నీళ్లలో చేయి చాచితే అందే దూరంలో పెద్దవాళ్లుండాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మెడ పైఎముకల పట్టు వదులుగా ఉండవచ్చు, కుదిపే రైడ్లకు ముందు డాక్టరును అడగండి. సికిల్ సెల్ ఉంటే చల్లని నీళ్లలో నానబెట్టకండి, దాహం వేయకముందే నీళ్లు తాగించండి. కండరాల క్షీణతలో గుండె పరీక్ష చేయించనిదే వేగంగా తిరిగేవి ఎక్కించకండి. నేను వద్దంటున్నది ఆ రైడ్లనే, పార్కును కాదు. వెళ్లేముందు ఫోన్ చేసి ర్యాంపు, మరుగుదొడ్డి, కుర్చీ ఉన్నాయా, తోడు మనిషికి టికెట్ ఎంత అని అడగండి. పని దినాన పొద్దున్నే వెళ్లండి, గుంపు తక్కువ. అసలు కార్డు, జిరాక్సు రెండూ వెంట ఉంచుకోండి. అడిగిన ఏర్పాటు లేదంటే, ఎందుకు లేదని కాగితం మీద రాసివ్వమనండి. అడిగేవాళ్లు పెరిగితేనే ర్యాంపులు పెరుగుతాయి. మీరు ఇంట్లో కూర్చుంటే, ఇలాంటి పిల్లలు మా దగ్గరికి రారు కదా అని వాళ్లు అంటారు. ఆ మాట నా చెవులతో విన్నాను.

చూసేవాళ్లు చూస్తారు. అయ్యో పాపం అనేవాళ్లు అంటారు. రెండోసారి వెళ్లినప్పుడు తక్కువ మంది అంటారు. పదోసారికి మీ బిడ్డను పేరు పెట్టి పలకరిస్తారు. మీ బిడ్డ జబ్బుకు పూర్తి మందు నా దగ్గర లేదు. బాల్యం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. ఈసారి నా దగ్గరికి వచ్చేముందు ఒక్కచోటికైనా తీసుకెళ్లి రండి. మందుల కంటే ముందు నేను అడగబోయేది అదే.