గూడేనికి వెళ్లే సంచి

మరునాడు పూసుకుంట వైపు గూడేలకు వెళ్లాలంటే ముందురోజు సాయంత్రమే సంచి సర్దుకునేదాన్ని. పొద్దున్నే సర్దితే తొందరలో కావాల్సింది ఇంట్లోనే ఉండిపోతుంది. ఏఎన్ఎమ్‌గా చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్దక్క ఒకావిడ చెప్పింది: "పోయేటప్పుడు నీ మటుకు నువ్వు పోతావు. వచ్చేటప్పుడు ఎవర్ని మోసుకురావాల్సి వస్తుందో తెలియదు. దానికి తగ్గట్టు సర్దుకో." దమ్మపేట అడవుల్లో తిరిగినన్నాళ్లూ నా సంచి బరువును ఆ మాటతోనే తూచుకున్నాను.

దమ్మపేట అప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ఊరి చుట్టూ పామాయిల్ తోటలు. అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు మోసే ట్రాక్టర్ల రొదలో, పక్కనే అంత అడవి ఉందంటే కొత్తవాళ్లు నమ్మరు. తోటలు దాటాక టేకు, నల్లమద్ది, తునికి, వెదురు మొదలవుతాయి. ఆ లోపల కొండరెడ్ల ఊళ్లు, కోయ గూడేలు. వానాకాలంలో ఏ బండీ పోయేది కాదు. వాగులన్నీ నడిచే దాటాలి.

అన్నిటికంటే ముందు సర్దాల్సింది వ్యాక్సిన్ క్యారియర్. నాలుగు ఐసు ప్యాకులు, మధ్యలో సీసాలు. ప్యాకుల్ని ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా పెట్టకూడదు. బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. లేకపోతే ధనుర్వాతం, కోరింతదగ్గు టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ నలభై అయిదు తాకే మా ప్రాంతంలో ఆ లెక్క తప్పకుండా గూడెం చేర్చడం ఎంత కష్టమో మోసిన భుజానికి తెలుస్తుంది. సీసా మీద గుండ్రని గుర్తు, అందులో చిన్న చదరం ఉంటాయి. వేడి తగిలిన కొద్దీ చదరం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న రంగుతో అది కలిసిపోయిందంటే ఆ సీసా పారేయాల్సిందే. చెట్టు నీడన కూర్చున్నప్పుడల్లా మూత తీసి చూడాలని మనసు లాగుతుంది. తీయకూడదు. తీసిన ప్రతిసారీ చల్లదనం పోతుంది.

తర్వాత జ్వరాల సామాను. గాజు స్లయిడ్ల పెట్టె, సూదులు, స్పిరిట్, దూది, పెన్సిలు. కొత్తగా వచ్చిన పిల్లలు పెన్ను తెచ్చుకునేవాళ్లు. ఆరిన రక్తపూత మీద నంబరు పెన్సిలుతోనే రాయాలి. ల్యాబులో స్పిరిట్ తగిలితే సిరా చెరిగిపోతుంది, ఏ రక్తం ఎవరిదో తెలియకుండా పోతుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అంత గొప్ప సంగతి బయటపడిన నేల మీదే, వందేళ్లు దాటాక కూడా మా గూడేల్లో పిల్లలు చలిజ్వరంతో వణకడం చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది. వేలిమీద చుక్క తీసి పావుగంటలో తేల్చే కిట్లు వచ్చాక చాలా మారింది. అవి తేమకు పాడవుతాయి. రేకు కవరు ముందే చింపి ఉంచకూడదు. రక్తం తీసే క్షణంలోనే చింపాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లతో పాటు లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి తప్పకుండా ఉండాలి. అది నా తాగునీళ్ల సీసా, గూడెంలో కొలత కూడా. అక్కడ సొరబుర్రలు, సత్తు చెంబులు, బిందెలే తప్ప లీటరు కొలిచే పాత్ర ఉండేది కాదు. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకు చేటు, నీళ్లు ఎక్కువైతే మందు పలచబడిపోతుంది. తల్లి ముందే సీసాతో కొలిచి, ఆమె ఇంటి బిందెలో పోసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బొగ్గుతో గీత గీసి చూపేదాన్ని.

పాముకాటు మందు మాత్రం సంచిలో ఉండదు. "నర్సమ్మా, ఆ సూదొకటి తెచ్చి పెట్టుకోరాదా" అని చాలామంది అడిగారు. అది ఒంటికి పడకపోతే ఆ మందే ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు, సెలైను, పక్కన అడ్రినలిన్ ఉన్నచోటే ఎక్కించాలి. చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషం తీసి మందు తయారీకి ఇస్తోంది. దేశమంతా బతికేది ఆ అడవి మనుషుల చేతి నేర్పు మీదే. సంచిలో నేను పెట్టుకోగలిగింది కాలుచేతులు కదలకుండా కట్టడానికి పాత చీర పీలికలు, రెండు వెదురు బద్దలు. గట్టిగా బిగించకూడదు, కోయకూడదు, నడిపించకూడదు. కట్లపాము కాటు ఒక్కోసారి చీమ కుట్టినంత కూడా తెలియదు. నేలమీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కాటేస్తుంది. అందుకే ఏ గూడెంలో రాత్రి ఆగాల్సి వచ్చినా మంచం అడిగి తీసుకునేదాన్ని. మొహమాటపడేదాన్ని కాదు.

మిగతావి చిన్నవి. టార్చిలైటులో బ్యాటరీ ఒకటి తిరగేసి పెట్టుకోవాలి, సంచిలో దానంతటది వెలిగి అయిపోకుండా. అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవరులో. బెల్లం ముక్క. కాళ్లు పూర్తిగా మూసే బూట్లు, చేతిలో కర్ర. చేతులు కప్పే చొక్కా తప్పదు, దూలగొండి నూగు తగిలితే ఆ దురద చెప్పలేం. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామున ఒంటరిగా కదలకూడదు. ఎలుగులు ఆ పూలకోసమే వస్తాయి.

మాకు దారి చూపే కొండరెడ్డి తాత ఒకాయన ఉండేవాడు. ఆయన సామాను చూస్తే నా సంచి మీద నాకే అనుమానం వచ్చేది. నడుముకు వెనకవైపు కత్తి, భుజాన జావ పోసిన సొరబుర్ర, మొలలో చిన్న తిత్తి. తిత్తిలో చెకుముకి రాయి, ఇనుప ముక్క, జీలుగు మట్టల మొదట్లోంచి గీకి తీసిన నూగు. వానలో నా అగ్గిపెట్టె తడిసినా ఆ నూగు అంటుకునేది. మిగిలింది అడవే ఇస్తుందని ఆయన లెక్క. అడ్డాకు తెంపి విస్తరి కుట్టేవాడు, వాగు పక్క ఇసుకలో చెలమ తవ్వేవాడు. ఎండాకాలం ఒకసారి నా సీసా ఖాళీ అయితే బోదె మీద ఉబ్బు ఉన్న నల్లమద్దిని వెతికి, ఆ ఉబ్బు మీద కత్తితో నాటు పెట్టాడు. ధారగా నీళ్లు వచ్చాయి. వాసన, వగరు. గొంతు తడిసింది. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు నల్లమద్ది బెరడు కోస్తే నీళ్లు చిమ్మిన దృశ్యం దేశమంతా చూసింది. తమకది కొండరెడ్లే చెప్పారని అధికారులూ అన్నారు. ఆ మాట బయటికి వచ్చినందుకు నాకు చాలా తృప్తి కలిగింది.

శ్రావణమాసం వానల్లో జరిగింది చెబుతాను. అప్పటికి 108 బండ్లు వచ్చి కొన్నేళ్లయింది. గూడెంలో టీకాలు ముగించి సామాను సర్దుతుంటే ఒకతను పరుగెత్తుకొచ్చాడు. అతని భార్యకు అయిదో నెల. మూడు రోజులుగా జ్వరం, పొద్దుటినుంచి మాట తడబడుతోంది. వెళ్లి చూస్తే ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేస్తోంది. కిట్‌లో ఫాల్సిపారం గీత పడింది. ఆ రకం మలేరియా గర్భిణికి వస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. బెల్లం నీళ్లు కలిపి, తలెత్తి పట్టుకుని, మింగగలుగుతోందని చూసుకుంటూ చెంచాతో పోశాను. కాసేపటికి నా పేరు అడిగితే పలికింది. కానీ మాత్రలతో ఆగే స్థితి కాదు. ఆసుపత్రికి చేర్చాలి.

జెట్టీ కట్టాలన్నారు. మా ఏజెన్సీలో డోలీని అలాగే అంటారు. మంచాన్నే మోద్దామని కుర్రాళ్లు ఎత్తారు. తాత వద్దన్నాడు. "ఈ దారిలో మంచం పొదలకు తగులుకుంటది. దుప్పటి కట్టండిరా." గూడెంలో ఉన్నవి నలిగి చిరుగుపట్టిన దుప్పట్లు. నా సంచి అడుగున మందపాటి సోలాపూర్ దుప్పటి, పది బారల నైలాన్ తాడు, పొలాల్లో కప్పే ప్లాస్టిక్ పట్టా ఉన్నాయి. పెద్దక్క మాట విని పెట్టుకున్నవి. అన్నాళ్లూ ఊరికే మోసినవి. తాత కత్తితో పచ్చి వెదురు నరికి, కణుపుల దగ్గర చెక్కి, దుప్పటి నాలుగు మూలలూ ముడివేశాడు. ఆమె మీద పట్టా కప్పాం. ఒక కుర్రాడిని ముందే పరుగెత్తించాం, సిగ్నల్ దొరికే గట్టు మీదికెళ్లి 108కి ఫోన్ చేయమని.

ఇద్దరు మోస్తే ఇద్దరు పక్కన నడిచారు, అలిసిన భుజం మార్చుకోవడానికి. ముందు తాత, ఆయన వెనక టార్చితో నేను. వ్యాక్సిన్ క్యారియర్ గూడెం ఆశా కార్యకర్త నెత్తిన పెట్టుకుంది. మిగిలిన సీసాలు తిరిగి అప్పగించాల్సినవి కదా. టార్చి పట్టింది పోను నా రెండో చెయ్యి ఖాళీగా ఉండటం ఆ రాత్రి ఎంత అవసరమో అడుగడుగునా తెలిసింది. కొమ్మలు పక్కకు నెట్టడం, జారే చోట వెదురు పట్టుకోవడం, ఆగినప్పుడల్లా ఆమె నాడి చూడటం, బెల్లం నీళ్లు తడపడం.

వాగు దగ్గర అందరం నిలబడిపోయాం. పొద్దున మోకాలి లోతు నీళ్లు. ఇప్పుడు చీకట్లో రొద తప్ప ఏమీ కనిపించడం లేదు. 2024 జూలైలో గుమ్మడవల్లి పెద్దవాగు కట్ట తెగి అశ్వారావుపేట నుంచి వేలేరుపాడు దాకా ముంచేసినప్పుడు బయటివాళ్లు ఆశ్చర్యపోయారు గానీ, మా వైపు వాగుల సంగతి దాటినవాళ్లకు ముందే తెలుసు. తాత తాడు ఒక కొసను గట్టున మద్దిచెట్టుకు కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని, కర్రతో లోతు చూసుకుంటూ అవతలికి వెళ్లాడు. అక్కడ ఇంకో చెట్టుకు బిగించాడు. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో భుజం మీది వెదురు పట్టుకుని కుర్రాళ్లు దిగారు. నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. జెట్టీని నెత్తిమీదికి ఎత్తారు. లోపలినుంచి ఆమె "అమ్మా" అంది. అంత రొదలోనూ విన్నాను. మాట తడబడని గొంతు అది.

రోడ్డెక్కేసరికి 108 లైట్లు కనిపించాయి. దమ్మపేటలో సెలైను ఎక్కించి, కొత్తగూడెం తీసుకెళ్లారు. బతికింది. కడుపూ నిలబడింది. మార్గశిరంలో నొప్పులు రాకముందే దమ్మపేట వచ్చి చుట్టాలింట్లో ఉండి ఆసుపత్రిలో కన్నది. ఆ బిడ్డకు బీసీజీ టీకా నేనే వేశాను.

ఆ తర్వాత నేను గట్టిగా పట్టుబట్టిన పని ఒకటుంది. తాడు, దుప్పటి, పట్టా నా సంచిలో ఉంటే నేను వచ్చిన రోజే పనికొస్తాయి. జ్వరం నా తారీఖులు చూసుకుని రాదు. నేను తిరిగే గూడేలన్నిటిలో ఆశా ఇంటి దూలానికి ఆ మూడూ వేలాడేలా చేశాం. కొన్ని ఊరివాళ్లే చందాలేసి కొన్నారు, కొన్ని మేం ఇచ్చాం. పక్కనే మలేరియా కిట్లు, ఆర్టిసునేట్ కలిసిన మాత్రలు, బెల్లం. గుడ్డ తడిసిందా, ఎలుకలు కొరికాయా అని వెళ్లిన ప్రతిసారీ దించి చూడటం టీకాల పనితో పాటు నా పనిలో చేరింది. బెల్లాన్ని మాత్రం పిల్లలు ఎన్నిసార్లు తిన్నా మళ్లీ పెట్టాను.