రష్యా బొమ్మలు చూసిన తరువాత

ప్రేమకథ అనగానే మన తెలుగు బొమ్మలలో మొదట కనబడేది పెద్దలు. తండ్రి ఒప్పుకోడు, మేనత్త అడ్డం పడుతుంది, కడపటి రీలులో అందరూ కలిసి అక్షింతలు వేస్తారు. పెళ్ళితో కథ కంచికి పోతుంది. ఆ తరువాత వాళ్ళు ఎట్లా కాపురం చేశారో మనకెవ్వరూ చెప్పరు. సోవియట్ కాలంలో రష్యావారు తీసిన ప్రేమచిత్రాలు మూడు ఈ మధ్య మా యింట వరుసగా చూశాము. వాటిలో పెద్దలతో పేచీ లేదు. యుద్ధం, దూరం, చేసే ఉద్యోగం, మగవాడి అభిమానం, ఇవే అడ్డం వస్తాయి. యుద్ధం ఒక్కటి తప్పిస్తే మా తిరుమణిలో కాపురాలకు అడ్డం వచ్చేవీ ఇవే గదా అనిపించింది.

రష్యా మాకు బొత్తిగా కొత్త కాదు. 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితాలు పుస్తకాలకు అట్టలు వేసుకొని బడికి పోయినవాళ్ళం. బడిలో కన్నడం, యింట్లో తెలుగు, అట్ట మీద మాస్కో! కడప జిల్లావారైన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 1970 దశకంలో మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో ఉండి రష్యా పుస్తకాలను తెనిగించారు. విశాలాంధ్రవారి దుకాణాలలో అటువంటి పుస్తకాలు చవకగా దొరికేవి. కాబట్టి ఆ పేర్లకు మా నోరు తిరుగుతుంది. బొమ్మలు మాత్రం ఇప్పుడే చూశాము. మోస్‌ఫిల్మ్ సంస్థవారు పాతచిత్రాలెన్నో యూట్యూబులో ఉచితంగా పెట్టారు. కింద ఇంగ్లీషులో వచ్చే మాటలను మా మేనకోడలు తెలుగులో చెబుతూంటే, మా పెద్దమ్మ గోడకు ఆనుకొని శెనక్కాయలు ఒలుస్తూ వినేది.

మొదటిది 1957లో కలతోజోవ్ తీసిన 'ఎగిరే కొంగలు'. మరుసటి యేడు కాన్ ఉత్సవంలో పెద్ద బహుమతి పొందిన చిత్రం. బోరిస్, వెరోనికా ఒకరినొకరు కోరుకున్నవాళ్ళు. యుద్ధం రాగానే అతడు తనంతట తానే సైన్యంలో చేరిపోతాడు. పోయేముందు ఆమె పుట్టినరోజుకని ఒక ఉడత బొమ్మా, అందులో ఒక చీటీ పెట్టి పోతాడు. అటునుంచి జాబు లేదు. ఇటు బాంబు పడి ఆమె తల్లిదండ్రులు చనిపోతారు. బోరిస్ యింటనే తలదాచుకున్న ఆమెను అతని పినతండ్రి కొడుకో మేనబావో, మొత్తం మీద ఆ యింటి కుర్రవాడే బలవంతం చేస్తాడు. చివరకు వాడినే కట్టుకుంటుంది. తరువాత ఆసుపత్రిలో, పెళ్ళాడవలసిన పిల్ల వేరొకణ్ణి చేసుకున్నదని ఒక గాయపడిన సైనికుడు గోల పెడతాడు. వైద్యుడైన బోరిస్ తండ్రి అతణ్ణి ఓదారుస్తూ, ఆగలేని ఆడవాళ్ళను తీసిపారేసి మాట్లాడతాడు. వెరోనికా ఆ మాటలు వింటూ నిలబడి ఉంటుంది.

ఇక్కడ మా యింట్లో పెద్ద వాదమే జరిగింది. ఆగవలసింది గదా అని కొందరం అన్నాము. పెద్దమ్మ చేట పక్కకు నెట్టింది. కరువు యేండ్లలో మా పెదనాయన బెంగుళూరికి కట్టడం పనికి పోయి రెండేండ్లు ఉత్తరం ముక్క రాయలేదు. ఆ రెండేండ్లూ ఆమె అత్తగారింట ఉండి కూలికి పోయింది. "ఆ యమ్మిని తిట్టే ముందర, అన్ని దినాలు ఎవురన్నా ఒకరు ఆ యమ్మిని తిన్నావా అని అడిగినారేమో చూడండి," అన్నది. ఆమె అంతకు మునుపు ఆ రెండేండ్ల సంగతి మా యెదుట ఎత్తినది లేదు. పెదనాయన బయటి అరుగు మీదనే ఉన్నాడు. విన్నాడో లేదో మేము అడగలేదు.

చుఖ్రాయ్ తీసిన 'సైనికుని గాథ' (1959) చూసి అందరం ఏడ్చాము. తల్లి యింటి కప్పు బాగుచేయడానికి ఆరు రోజుల సెలవు దొరికిన కుర్రవాడు దారిలో పరులకు సాయపడుతూ కాలమంతా ఖర్చు చేసుకుంటాడు. రైలు పెట్టెలో కలిసిన పిల్లకు తన మనసు చెప్పడానికి కూడా వ్యవధి చాలదు. మన బొమ్మల్లో అయితే ఈపాటికి మూడు పాటలు అయిపోయేవి!

మూడవది 'మాస్కో కన్నీళ్ళను నమ్మదు'. 1980లో విడుదలై, 1981లో ఆస్కారు పొందింది. దర్శకుడు మెన్షోవ్. కతెరీనా అనే కార్మికురాలు మోసపోయి, బిడ్డను ఒంటరిగా పెంచుకుంటూ, ఇరవై యేండ్లకు పెద్ద కర్మాగారానికి డైరెక్టరు అవుతుంది. రైలులో గోషా అనే పనిమంతుడు పరిచయమవుతాడు. వంట చేస్తాడు, కబుర్లు చెబుతాడు, కూతురికీ నచ్చుతాడు. కాని ఆడదాని హోదా తనకంటె ఎక్కువ ఉండకూడదంటాడు. ఆమె తన ఉద్యోగం సంగతి దాస్తుంది. తెలిసిన నాడు అతడు చెప్పకుండా వెళ్ళిపోయి తాగుతూ కూర్చుంటాడు. స్నేహితురాలి మగడు వెతికి పట్టుకొస్తాడు. అందరూ మెచ్చిన ఈ గోషా మాకు అంతగా నచ్చలేదు. తిరిగి వచ్చినవాడు తప్పయిందని ఒక్కమాట అన్నాడా? ఆమె చారు పోసి పెట్టి, కన్నీళ్ళతో చూస్తూ కూర్చుంటుంది. అంత పెద్ద కర్మాగారాన్ని నడిపే మనిషి!

ఈ బొమ్మ మమ్మల్ని ఊరికే వదలలేదు. మా చుట్టుపక్కల ఐదు ఊళ్ళ నేల, సుమారు పదమూడు వేల యెకరాలు, ఇప్పుడు సోలార్ పార్కు కింద ఉన్నది. 2018లో ప్రారంభమైంది. రైతులు భూమి అమ్మలేదు, యెకరాకు యేడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలుకు ఇచ్చారు. డిప్లొమా చదివిన మా మేనకోడలికి అందులోనే పని దొరికింది. మగపిల్లలు బెంగుళూరు బస్సెక్కుతూంటే ఆడపిల్ల ఊళ్ళోనే ఉండి సంపాదిస్తున్నది. ఆమెకు వచ్చిన సంబంధం పిల్లవాడూ బెంగుళూరులోనే. మంచివాడే. జీతం మాత్రం మా పిల్లకంటె తక్కువ. పెళ్ళిళ్ళ పేరయ్య మా చెవిలో, "పిల్ల జీతం కొంచెం తగ్గించి చెప్పండి, మూడుముళ్ళూ పడినాక చూసుకుందాం," అన్నాడు. మా బావ సరేననబోయాడు.

మేనకోడలు ఒప్పుకోలేదు. "కతెరీనా దాచినందుకే గదా మామా, అంత తంటా వచ్చింది," అని, పిల్లవాడికి తానే ఫోను చేసి, తన జీతం రూపాయలతో సహా చెప్పింది. అతడు కాసేపు మాట్లాడలేదట. తరువాత, యింట్లో అడిగి చెబుతానన్నాడట.

పెద్దమ్మ అది విని, "యింట్లో అడిగేది జీతం సంగతా, పిల్ల సంగతా?" అన్నది. ఇది రాస్తున్న నాటికి అక్కడినుంచి కబురు రాలేదు. పేరయ్య మాత్రం రెండుసార్లు వచ్చి కాఫీ తాగి పోయాడు.