దసరా నిప్పట్లు

ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినవాళ్లకు దసరా అంటే కంటిమీద కునుకు లేని పండగ. అమ్మవారిశాలలో వాసవీ కన్యకాపరమేశ్వరికి రోజుకో అలంకారం, విజయదశమి రాత్రి తొట్టి మెరవణి. ఆ మెరవణి చూడ్డానికి చాపాడు నుంచి, మైదుకూరు నుంచి, జమ్మలమడుగు నుంచి చుట్టాలు దిగేవాళ్లు. నేను చెప్పేది 1980ల నాటి మాట. పిల్లాజెల్లా, ముసలీముతకా అంతా మా మిద్దెక్కి పిట్టగోడ పొడుగునా కూర్చునేవాళ్లం. అంతమందికి తెల్లారేదాకా నోట్లోకి ఏదో ఒకటి ఆడుతుండాలి. తీపయితే రెండు తినేసరికి మొహం మొత్తుతుంది. బజ్జీలయితే చల్లారితే ఎవరూ ముట్టరు. అందుకే మా అవ్వ పండగకు వారం ముందే నిప్పట్ల పని పెట్టుకునేది.

కోస్తావాళ్ల చెక్కలకు ఇవి దగ్గరి చుట్టాలే. కాకపోతే మావాటిలో శనక్కాయ పలుకులూ తెల్లగడ్డలూ దండిగా పడతాయి, కారం కూడా దిట్టంగా ఉంటుంది.

బియ్యం చాపాడు మామ పంపేవాడు. మాది వాన కోసం మొగులు చూసే సీమే గానీ, కేసీ కాలవ కింది ఊళ్లలో వరి పండేది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి, 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కాలవ అది. కర్నూలు, నంద్యాల వైపు చేలన్నీ తడిపి మా జిల్లాలోకి వచ్చేసరికి అందులో ఎన్ని నీళ్లు మిగిలితే అంతే మా వరి. కాలవ సరిగ్గా పారని ఏడు మామ పంపే మూట చిన్నదయ్యేది, ఆ దసరాకు డబ్బాలు సగమే నిండేవి. ఆ ఏడు అవ్వ పిండి తగ్గించి పప్పుల పొడి పెంచేది. మా దగ్గర పప్పులంటే పుట్నాలే. రుచిలో తేడా పిల్లలం మేమే కనిపెట్టేవాళ్లం, పెద్దవాళ్లు ఏమీ అనేవాళ్లు కాదు.

శనక్కాయలకు మాత్రం ఎప్పుడూ కరువు లేదు. దసరా నాటికి చేలల్లో కొత్త పంట పీకడం మొదలయ్యేది. ఇంట్లో పచ్చికాయలు ఉడికే వాసన, వాకిట్లో మట్టి కాయల గుట్ట. అయినా నిప్పట్లకు కొత్త గింజ పనికిరాదు. దాంట్లో తడి ఉంటుంది, పిండిని మెత్తబరుస్తుంది. పోయినేడు మూట కట్టి దాచిన కాయలే వలవాలి. ఆ పని పిల్లలది. వలిచీ వలిచీ బొటనవేళ్లు మండేవి. గింజల్ని మందపాటి బాండ్లిలో సన్నసెగ మీద వేయించి, చల్లారాక అరచేతుల మధ్య నలిపి, చాటతో పొట్టు చెరిగి, రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మరీ మెత్తగా దంచితే నూనె బయటికొచ్చి ముద్దవుతుంది, గింజ సగంగా మిగిలితే ఒత్తేటప్పుడు నిప్పట్టు అంచు చీలుతుంది. రోలు పక్కన కూర్చుని అవ్వ చప్పుడు విని చెప్పేది, “ఇంక సాలు, ఎత్తు” అని.

బియ్యం కడిగి, బట్ట మీద నీడన ఆరబోసి, పిండి మిషన్‌కు మోసుకెళ్లడం నా వంతు. వెళ్లేముందు ప్రతిసారీ ఒకటే హెచ్చరిక. “అమ్మీ, నీ ముందర ఎవురు ఏం ఆడిచ్చినారో సూసుకో. రాగులయితే గుప్పెడు బియ్యం ముందు పోయించి, ఆ పిండి వేరే పెట్టు.” ఆ వేరే పెట్టిన పిండి ఎనుముకు కుడితిలో కలిసేది.

ఇంక అసలు పని. బియ్యప్పిండి, అందులో నాలుగో వంతు పప్పుల పొడి, దంచిన గింజలు, నువ్వులు, సన్నగా తుంచిన కరేపాకు. ఒట్టి మిరపకాయలు, తెల్లగడ్డలు, జీలకర్ర, ఉప్పు కలిపి నూరిన ఎర్రకారం. వీటిమీద కాగిన శనగనూనె పోస్తే సుయ్‌మని పొంగేది, ఆ ఘాటుకు వంటింట్లో అందరూ తుమ్మేవాళ్లు. నూనె ఎంత పడాలన్నదే ఇందులో కిటుకు. కలిపిన పొడిపిండిని అవ్వ పిడికిట పట్టి ఒత్తేది. ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలిపోవాలి. నూనె తగ్గితే నిప్పట్టు పంటికి లొంగదు, ఎక్కువైతే బాండ్లిలో వేయగానే విచ్చిపోతుంది. ఆ హదను కుదిరాకే నీళ్లు, అవీ చిలకరించినట్టు. “మే, నీళ్లు సాలు. ఇంక పోస్తే నూనె తాగుతాయి” అని మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది. పిండంతా ఒకేసారి తడిపేది కాదు. ఒక వాయికి ఎంత కావాలో అంతే.

ఒత్తడంలో ఎదురింటి దూదేకుల అక్కను మించినవాళ్లు మా వీధిలో లేరు. తడిపి పిండిన తెల్లపంచె పరిచి, ఉసిరికాయంత ఉండలు వరసగా పెట్టి, నాలుగు వేళ్లతో తడుతూ పోయేది. అన్నీ ఒకే మందం, ఒకే గుండ్రం. చివర్న ప్రతిదానికీ వేలితో రెండు మూడు చోట్ల గుచ్చేది. అలా చేయకపోతే లోపలి ఆవిరికి పూరీలా పొంగి, చల్లారాక మెత్తబడుతుంది. పీర్ల పండగకు ఆమె ఇంటి నుంచి మాకు మలీదా వచ్చేది. దసరాకు మా ఇంటి పిండి మీద ఆమె చెయ్యి పడాల్సిందే. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోయేది.

పొయ్యిలోకి పత్తికట్టెలు వద్దనేది అవ్వ. అవి భగ్గున మండి చప్పున చల్లారతాయి, నిప్పట్టు పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. తుమ్మమొద్దు నిప్పయితే సెగ నిలకడగా ఉంటుంది. నూనెలో జార్చగానే ముందు పెద్ద గోల, బుడగలే బుడగలు. పిండిలోని నీరు పోయేకొద్దీ ఆ గోల తగ్గుతూ వస్తుంది. అది పూర్తిగా అణిగేదాకా జల్లిగంటె పెట్టనిచ్చేది కాదు. రంగు చూసి తీస్తే మోసపోతామని, చెవితో వినమని చెప్పేది. వెదురుగంపలో కాగితాలు పరిచి ఆరబెట్టి, వేడంతా పోయిందని చేత్తో తడిమి చూసుకున్నాకే డాల్డా డబ్బాల్లోకి ఎత్తేది. గోరువెచ్చగా ఉన్నప్పుడు మూత పెడితే డబ్బా లోపల చెమ్మ పట్టి, ఒక్క రాత్రికే అన్నీ సాగుతాయి.

దశమి రాత్రి డబ్బా మూత తీస్తే మిద్దె మీద ఆ మూల నుంచి ఈ మూలకు చేతులు చాచేవాళ్లు. మేళాల మోతలో మాటలు వినపడవు గానీ, పక్కవాళ్ల నోట్లో నిప్పట్టు విరిగే చప్పుడు వినపడేది. కారం ఎక్కినవాళ్లు చెంబు కోసం వెతుక్కునేవాళ్లు. నేను అరముక్క నమిలి, గింజ పలుకు నాలుక కింద దాచుకుని, కారమంతా తగ్గాక దాన్ని కొరికేదాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లల పుట్టినరోజులకు నేనే చేస్తాను. గ్యాసు పొయ్యి, మిక్సీ, తెల్లపంచెకు బదులు ప్లాస్టిక్ కవరు. వీటివల్ల రుచికి వచ్చిన నష్టమేమీ లేదు. రుచి పోయేది నూనె దగ్గరే. బయట కొన్నవాటిలో చాలావరకు పామాయిలే, తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టు పేరుకుంటుంది. శనగనూనె ఖరీదు నాకూ తెలుసు. అయినా నాలుగు వాయిలు తక్కువ చేసుకోండి గానీ నూనె మార్చకండి. గింజలు కూడా వేయించి పొట్టు తీసిన ప్యాకెట్లు కాకుండా, కాయలే కొని పిల్లల చేత వలిపించండి. వలిచినన్ని వాళ్లు తినేస్తారు, అందుకని ఒక శేరు ఎక్కువే కొనుక్కోవాలి.