అక్కకి షూ కొనడం

వాటర్‌ప్రూఫ్ షూకి ఒక పెద్ద కన్నం ఉంటుంది. మనం కాలు పెట్టేది అందులోంచే.

ఇది అందరికీ తెలిసిన సంగతే. అయినా కొనేటప్పుడు గుర్తుకురాదు. ఫోన్ మీద ఐపీ68 అని ఉంటే నీళ్ల బకెట్లో పడినా పర్లేదు అనుకుంటాం కదా, షూ డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని కనిపిస్తే కూడా అదే ధైర్యం వచ్చేస్తుంది. ఫోన్‌కి ఉన్న ప్రతి సందూ నీళ్లు దూరకుండా బిగిస్తారు. షూకి ఆ పని చెయ్యలేరు. చేస్తే కాలు ఎక్కడ పెట్టాలి?

తడిస్తే తడిసింది, ఆరిపోతుందిలే అంటారా? ఒక్కరోజు నడకైతే సరే. వారం రోజుల నడకకి ఆ మాట సరిపోదు. మా ఇంట్లో అయితే అసలు సరిపోదు.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 2019లో ఒక పెళ్లికి కొత్త చెప్పులు వేసుకెళ్లారు. చెప్పు కరిచింది. మనకైతే రెండడుగులకే మంట తెలుస్తుంది, కుంటుతాం, తీసి చేత్తో పట్టుకుంటాం. నాన్నకి తెలియలేదు. చాలా ఏళ్లు షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. బొబ్బ పుండయింది, పుండు లోపలికి పోయింది, చివరికి చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరైనా "చెప్పు కరిచింది" అంటే మిగతావాళ్లు చేస్తున్న పని ఆపి వచ్చి చూస్తారు.

అలాంటి ఇంట్లోంచి 2024 వేసవిలో అక్క ఫోన్ చేసి "నేనూ వస్తానే" అంది.

నేను ఆఫీసు ఫ్రెండ్స్‌తో ఆగస్టులో కశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కి పేరిచ్చా. సోన్‌మార్గ్ దగ్గర మొదలై నారానాగ్‌లో దిగుతుంది. ఏడు రోజులు, సుమారు 70 కిలోమీటర్లు. విషన్‌సర్, క్రిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్, నంద్‌కోల్ అని దారి పొడవునా సరస్సులే. మధ్యలో మూడు కనుమలు దాటాలి. వాటిలో ఎత్తయిన గడ్‌సర్ కనుమ సుమారు 4,200 మీటర్లు. కాలి కింద గడ్డి, బురద, బండరాళ్లు, మంచు కరిగి పారే వాగులు.

అక్కకి 36 ఏళ్లు. ఖమ్మంలో టీచర్. ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట తనకీ షుగర్ అని తేలింది. "డాక్టర్ రోజూ నడవమన్నారుగా. నడుస్తా" అంది. అమ్మ ససేమిరా అంది. నాన్న ఏమీ అనలేదు, తన కాలివైపు ఓసారి చూసుకున్నారు. బావ మాత్రం పిల్లల్ని తను చూసుకుంటానన్నాడు.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అక్కని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ తీగతో అరికాళ్ల మీద ఒక్కోచోటా తాకించి ఎక్కడ తగిలిందో చెప్పమన్నారు. అన్నీ సరిగ్గా చెప్పింది. స్పర్శ బాగానే ఉంది, షుగర్ అదుపులో ఉంది, వెళ్లొచ్చు అన్నారు. మందుల సంగతి, ఎత్తు సంగతి విడిగా చెప్పి, పాదాలకి మూడు షరతులు పెట్టారు. ఒట్టి కాళ్లతో ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. షూ కరవకూడదు. రోజూ రాత్రి పాదాలు రెండూ చూసుకోవాలి.

రెండో షరతు నా నెత్తిన పడింది. ఇంట్లో ఇంజినీర్ని నేనే కదా. రెండు వారాల పాటు రాత్రుళ్లు కూర్చుని ఈ వాటర్‌ప్రూఫ్ అంటే ఏమిటో చదివా.

కథ 1969లో మొదలైంది. అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన వేడి చేసిన పీటీఎఫ్ఈ కడ్డీని ఒక్క ఊపున లాగితే, అది తెగకుండా సాగి, కంటికి కనబడనంత చిన్న రంధ్రాలతో పల్చటి పదార్థంగా మారింది. పీటీఎఫ్ఈ అంటే మన దోసె పెనం మీద ఉండే టెఫ్లానే. అదే గోర్‌టెక్స్ అయింది. ఆ రంధ్రాల్లోంచి నీటిచుక్క లోపలికి రాలేదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోగలదు. (టెఫ్లాన్ జాతి రసాయనాలు నేలలో, నీళ్లలో విచ్ఛిన్నం కాకుండా ఉండిపోతాయన్న ఆందోళన పెరగడంతో, 2022 నుంచి ఆ కంపెనీ వేరే రకం పొర కూడా వాడుతోంది.) మిగతా కంపెనీలకి వాటి సొంత పొరలున్నాయి. పేర్లు వేరు, సూత్రం ఇంచుమించు ఒకటే.

అయితే ఆవిరి ఊరికే బయటికి పోదు. లోపల వెచ్చగా, తేమగా ఉండి, బయట చల్లగా, పొడిగా ఉంటేనే పోతుంది. బయట కూడా ఉక్కపోత అయితే ఎక్కడికి పోతుంది? లోపలే నీరవుతుంది. ఇంకోటి, షూ పైబట్టకి నీళ్లు జారిపోయేలా ఒక పూత ఉంటుంది. కొత్తలో తామరాకు మీద చుక్కల్లా దొర్లిపోతాయి. వాడేకొద్దీ ఆ పూత పోతుంది. అప్పుడు పైబట్ట నీళ్లు తాగి బరువెక్కుతుంది. లోపలి పొర బాగానే ఉన్నా ఆవిరికి దారి మూసుకుపోతుంది. మీ పాత షూ మీద నాలుగు చుక్కలు చల్లి చూడండి. దొర్లకుండా ఇంకిపోతే, మళ్లీ పూత వేసుకునే స్ప్రే కొనాల్సిన టైమ్ వచ్చినట్టే.

ఇవన్నీ కలిపితే నాకు తేలింది ఇదీ. చలితో కూడిన తడికి వాటర్‌ప్రూఫ్ పనికొస్తుంది. పొద్దున్నే మంచు పట్టిన గడ్డి, చల్లటి బురద, కాసేపు పడే జల్లు, మడమ లోతు మడుగులు, వీటన్నింటికీ సరైనది. ఉక్కతో కూడిన తడికి పెద్దగా పనికిరాదు. జూలైలో పడమటి కనుమల్లో ఏదైనా కొండెక్కితే, పైనుంచి కుండపోత, లోపల చెమట. వాన ప్యాంటు మీదుగా జారి సాక్స్‌లోంచి షూలోకి దిగుతుంది. అలా దిగిన నీళ్లకి వాటర్‌ప్రూఫ్ షూ బిందె లాంటిది, బయటికి పోనివ్వదు. అక్కడ నీళ్లు ఎంత తొందరగా వస్తాయో అంత తొందరగా పోయే జాలీ షూ నయం. ఇక మోకాలి లోతు వాగుకి ఏ షూ అయినా ఒకటే.

కశ్మీర్ ఎత్తుల్లో ఆగస్టులో కూడా రాత్రి వణికిస్తుంది. కాబట్టి అక్కకి వాటర్‌ప్రూఫ్ అనే లెక్క వేశా. అది చిన్న సగం. పెద్ద సగం షాపులో మొదలైంది.

సాయంత్రం ఆరింటికి వెళ్లాం, కావాలనే. పొద్దున్నుంచి నిలబడి తిరిగిన పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది. కొండల్లో రోజంతా నడిచిన పాదం కూడా అంతే. ట్రెక్‌లో వేసుకునే మందపాటి సాక్స్ వెంట తీసుకెళ్లాం. అక్క ధర చీటీ చూసి "మా పిల్లలిద్దరి ఏడాది షూస్ కలిపినా ఇంత కాదే" అని నాలుగు సార్లు అంది.

ఏ షూ అయినా తొడుక్కునే ముందు లోపలి అట్ట బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడి చూడాలి. పాదం అట్ట అంచు దాటి బయటికి పొర్లుతుంటే ఆ షూ మీది కాదు. లేడీస్ సెక్షన్‌లో అక్క ఐదు జతలు చూసింది. అయిదింటిలోనూ చిటికెన వేలి దగ్గర పాదం బయటికే వచ్చింది. చిన్నప్పట్నుంచి చెప్పుల్లో, ఒట్టి కాళ్లతో తిరిగి విచ్చుకున్న పాదం. వేళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. సైజు పెంచితే వేళ్లు పట్టాయి గానీ మడమ లోపల ఆడింది. మడమ ఆడిందంటే బొబ్బ ఖాయం.

అక్క లేచి పక్క సెక్షన్‌లోకి నడిచింది. "మేడమ్, అవి జెంట్స్‌వి" అన్నాడు షాపు కుర్రాడు. "నా కాలికి ఆ సంగతి తెలీదులే బాబూ" అంది. మూడో జత కుదిరింది. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంది. షాపులో ఏటవాలు చెక్క మీద కిందికి నడిస్తే వేళ్లు ముందుకి గుద్దుకోలేదు. పైకి నడిస్తే మడమ లేవలేదు. చీలమండ దాకా వచ్చే రకం. అడుగున పళ్లు లోతుగా ఉన్నాయి.

ఆ పళ్ల వెనక కూడా ఒక కథ ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో విటాలే బ్రమానీ అనే పర్వతారోహకుడి మిత్రులు ఆరుగురు చనిపోయారు. వాతావరణానికి తగని బూట్లు కూడా ఒక కారణమని ఆయన నమ్మాడు. ఆ బాధలోంచే పళ్లున్న రబ్బరు అడుగు తయారు చేశాడు. ఆయన పేరు, ఇంటిపేరు ముక్కలు కలిపితే విబ్రమ్. ఇప్పటికీ ఎన్నో షూల అడుగున ఆ పసుపు రంగు గుర్తు కనిపిస్తుంది.

బరువు కూడా చూశాం. అడుగుకి 70 సెంటీమీటర్లు అనుకుంటే 70 కిలోమీటర్లకి లక్ష అడుగులు. షూ ఒక్కోటి 100 గ్రాములు ఎక్కువుంటే, ఆ వారంలో కాళ్లు అదనంగా మోసేది 10,000 కిలోలు. కాబట్టి మిలిటరీ బూటులా గంభీరంగా ఉన్న జత వద్దనుకున్నాం.

కొన్నాక ఆరు వారాలు అక్క ఖమ్మం లకారం చెరువు కట్ట మీద అవే షూస్‌తో నడిచింది. వీపున బ్యాగ్, బ్యాగ్‌లో నీళ్ల సీసాలు. స్కూల్లో మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగేది. పిల్లలు "టీచర్ ఆర్మీలో చేరుతున్నారా" అని అడిగారట. కాటన్ సాక్స్ మానేసి ఉన్ని, సింథటిక్ కలిపినవి తీసుకుంది. కాటన్ తడి పీల్చి పట్టుకుని కూర్చుంటుంది. తడిసిన చర్మం మెత్తబడుతుంది, మెత్తబడిన చోట చిన్న రాపిడి చాలు.

నేను మాత్రం జాలీ షూస్‌తోనే బయల్దేరా. ఆఫీసు భాషలో చెప్పాలంటే ఏ/బీ టెస్ట్.

మొదటి మూడు రోజులు అక్కదే పైచేయి. పొద్దున్నే గడ్డిలో నాలుగడుగులు వేసేసరికి నా సాక్స్ తడిసి వేళ్లు కొంకర్లు పోయేవి. తను హాయిగా నడిచేది. వాగులొస్తే మిగతావాళ్లు ఒట్టి కాళ్లతో దిగారు. అక్క ప్రతిసారీ కూర్చుని, షూ విప్పి మెడలో వేసుకుని, స్ట్రాప్ చెప్పులు తొడుక్కుని దాటింది, అవతల కాళ్లు తుడుచుకుని మళ్లీ షూ వేసుకుంది. పది నిమిషాలు పట్టేది. మొదట్లో గ్రూపులో కొందరు విసుక్కున్నారు. తర్వాత ఒకబ్బాయి వాగులో రాయి గుచ్చుకుని కుంటడం మొదలుపెట్టాక ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగో రోజు గడ్‌సర్ నుంచి సత్‌సర్ వెళ్లేటప్పుడు ఐదు గంటలు వాన. క్యాంపు చేరేసరికి ఇద్దరి షూలూ తడే. మర్నాడు ఎండొచ్చాక మధ్యాహ్నానికి నావి నడకలోనే ఆరిపోయాయి. అక్కవి రెండు రోజులు ఆరలేదు. షూలోంచి అట్టలు తీసి స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటికి ఆనించుకుని పడుకుంది. వంట టెంట్‌లోంచి పాత పేపర్లు తెచ్చి షూలో కుక్కి, అవి తడవగానే మార్చింది. పొయ్యి దగ్గర పెడదామంటే గైడ్ వద్దన్నాడు, వేడికి జిగురు విడిపోయి అడుగు ఊడుతుందట. దారిలో రెండుసార్లు ఆగి సాక్స్ మార్చింది. సత్‌సర్ తర్వాత బండరాళ్ల మీద ఆ పళ్లే ఇద్దరినీ కాపాడాయి. నారానాగ్ దిగే ఆఖరి రోజంతా నిటారు దిగుడు. అక్క పై తాడు బిగించి కట్టి దిగింది, వేళ్లు ఎక్కడా గుద్దుకోలేదు.

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నవి రాత్రులు. భోజనం అయ్యాక అక్క టెంట్‌లో కూర్చుని పాదాలు తుడుచుకుని, ఫోన్ టార్చ్ వేసి వేళ్ల సందులన్నీ చూసేది. అరికాలు తనకి కనబడదు కాబట్టి నేను చూసేదాన్ని. ఐదో రాత్రి ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనిపించింది. బొబ్బ కాదు, కాబోయే బొబ్బ. అక్కడ టేప్ అతికించాం. మర్నాడు గంగాబల్ దగ్గర విశ్రాంతి రోజు కావడంతో తగ్గిపోయింది. ఆ మచ్చని ఏ వాటర్‌ప్రూఫ్ పొరా ఆపేది కాదు. చూశాం కాబట్టి ఆగింది.

ఎవరైనా నన్ను ఏ షూ కొనాలి అని అడిగితే ఇప్పుడు బ్రాండ్ చెప్పను. ఎక్కడ నడుస్తావు, చలా ఉక్కా అని అడుగుతా. తర్వాత, అట్ట తీసి దాని మీద నిలబడి చూశావా అని. వాటర్‌ప్రూఫ్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఖమ్మం చేరాక అక్క తన షూ కంటే ముందు నాన్న చెప్పులు తీసి అట్ట కొలత చూసింది. ఆయన పాదం రెండు వైపులా బయటికే ఉంది. వెడల్పు జత కొనిచ్చింది. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఫోన్ టార్చ్‌తో ఆయన పాదాలు చూస్తుంది. "నువ్వు కొండెక్కితే నాకేంటమ్మా ఈ తనిఖీ" అంటారు నాన్న. అంటూనే కాలు చాపుతారు.