నూరెక్కడుంది?

శాతమనే మాట వినగానే సూత్రం కోసం తడుముకునేవాళ్ళు మన కాలేజీలో తక్కువేం కాదు. సూత్రం కంఠతా వచ్చినవాళ్ళకైనా ఒక ప్రశ్న మిగిలే వుంటుంది: శాతం సరే, దేనిలో శాతం?

మా హాస్టల్ మెస్సులో వంటచేసే అక్క కూతురు ఏడో తరగతి. సాయంత్రాలు లెక్కలకని నా దగ్గరకొస్తుంది. ఆ పిల్లకి సూత్రం చెప్పను. ఒకదాని కింద ఒకటి రెండు గీతలు గీయిస్తాను. పై గీత రూపాయలది, కింది గీత శాతాలది. రెండూ సున్నాతోనే మొదలు. పాత ధర కింద 100 వెయ్యాలి. నియమం అదొక్కటే.

మా వీధి కొట్లో కిలో బియ్యం 40 రూపాయల నుంచి 50కి పోయింది. 40 కింద 100 వేసి నాలుగు సమభాగాలు చేస్తే, 10 కింద 25 వస్తుంది. ఇంకొక్క అడుగు ముందుకేస్తే 50 కింద 125. అంటే పెరిగింది 25 శాతం. తిరుగు లెక్కా యింతే. 20 శాతం పెరిగి 60 రూపాయలైన వస్తువు పాత ధరెంత? 60 కింద 120 వేసి ఆరు భాగాలు చెయ్యండి. 100 పైన 50 కనిపిస్తుంది. 60లో 20 శాతం కొట్టేసి 48 అనే ప్రమాదం లేదు.

దేశం లెక్కయినా అంతే. 1991 నుంచి 2001కి మన జనాభా సుమారు 18.2 కోట్లు పెరిగింది. 2001 నుంచి 2011కీ దాదాపు అంతే. కానీ మొదటిది 21.5 శాతం, రెండోది 17.7 శాతం. యెందుకంటే మొదటిసారి నూరు 84.6 కోట్ల కింద వుంది, రెండోసారి 102.9 కోట్ల కిందకి జరిగింది.

ఓ రోజు ఆ పిల్ల తనంతట తనే యింకో జత గీతలు గీసింది. అమ్మ జీతం 8,000 నుంచి 9,000 అయింది. 8,000 కింద 100, 1,000 కింద పన్నెండున్నర, 9,000 కింద నూటపన్నెండున్నర.

“బియ్యం యిరవైయ్యయిదు పెరిగితే అమ్మ జీతం పన్నెండున్నరేనా అన్నా?” అంది.

వెయ్యి రూపాయలు పెంచామన్న కాంట్రాక్టరు మాట అబద్ధం కాదు. నూటికి ఎంత పెంచిందీ ఆయన చెప్పలేదు, అంతే.

పిల్ల గీతని కాస్త పొడిగించింది. 125 పైన 10,000 వచ్చింది. మిత్రులారా, మెస్సు వర్కర్ల జీతాల గురించి మన యూనియన్ యిచ్చిన వినతిపత్రంలో వున్న అంకె అదే.